ఎండకాలం హీటరు

పానగల్ రోడ్డు మీద
టైర్ల రీట్రేడింగ్ దుకాణం పక్కపొంటి నా రేకుల షెడ్డు.
మే నెల, పదకొండింటికే
పానా ముడితే చెయ్యి సుర్రుమంటది.
గప్పుడొచ్చింది
రెండే సీట్ల ఎర్రబండి, గుడ్డ టాపుది,
తల్లి తప్పిపోయిన మేకపిల్ల లెక్క అరుసుకుంట.

దిగినాయన బత్తాయిల కమీషన్ ఏజెంటు, పుల్లెంల దశరథం.
"హీటర్ బ్లోయరు. మోటరు పోయింది, మార్చాలె" అన్నడు.
మా సైదులు చాయ్ గ్లాసు కింద పెట్టి మరీ నవ్విండు.
నల్గొండల హీటరా!
నేను నవ్వలే.
గిరాకిని చూసి నవ్వద్దని
మా ఉస్తాద్ ఖాదర్ మియా
నా చెంప మీద నేర్పిన పాఠం.

డాష్‌బోర్డు కిందికి పోవాల్నంటే
తల కిందికి, నడుము సీటు మీదికి,
కాళ్లు రోడ్డు మీదికి.
బండి నన్ను సగం మింగినట్టు కనబడ్డదట
పోయేటోళ్లకు.
మూడు స్క్రూలు.
రెండు కంటికి దొరికినయి.
మూడోది వేలికే తెలుస్తది.
తేలున్న గూట్లె చెయ్యి పెట్టినట్టు పెట్టి
పావు తిప్పు,
ఊపిరి,
ఇంకో పావు తిప్పు.
చెమట కంట్ల పడ్డది, స్క్రూ నోట్ల పడ్డది.
రెండూ ఉప్పే.

మోటరు బయటికొచ్చింది.
దాని ఎంబడి ఒక సంసారమే వచ్చింది:
పత్తి పోగులు, పల్లికాయ పొట్టు,
ఎండిన బత్తాయాకు,
హాలియా నుంచి నల్గొండకు సగం కొరికిన బస్సు టికెట్టు.
ఎలుక ఎప్పుడు పేర్చుకున్నదో,
ఎప్పుడు ఇడిచిపెట్టి పోయిందో.

విప్పి చూస్తే
కార్బన్ బ్రష్షులు బియ్యపు గింజంత మిగిలినయి.
బుష్షు ఎండి, షాఫ్టు ఊడొచ్చే పన్ను లెక్క కదులుతుంది.
గిన్నేండ్లు ఎటూ పోలే ఇది.
ఉన్న కాన్నే తిరిగి తిరిగి
తన్ను తానే గీక్కొని తిన్నది.

కొత్తది దొరకదు.
హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే
"మ్యూజియంల అడుగు భాయ్" అన్నడు.
తుక్కు సామాన్ల రమీజాబీ కాడికి పోయిన.
పాత వ్యాన్ మోటర్ల కుప్పల
ఒక్కొక్కదాన్ని చెవి దగ్గర పట్టి, తిప్పి,
ఖర్బూజ ఎంచినట్టు ఎంచి
"గిది తీస్కపో, గిది ఇంక బతుకుతది" అన్నది.
రెండు వందలన్నది. నూట ఎనభైకి తెగింది.

షాఫ్టు రెండు సూతులు పొడుగు. ఆకురాయి పట్టిన.
వైర్లు ఉల్టా కలిసినయి,
మోటరు ఉరికింది గని గాలి
పిల్లగాడు దీపమూదినట్టు.
సైదులు మళ్ల నవ్విండు. ఈసారి నేను గూడ.
మార్చి కలిపిన.
అరుపు లేదు.
చాటల వడ్లు చెరిగినట్టు వట్టి గాలి చప్పుడు.

అప్పుడడిగిన.
"సార్, ఏమనుకోకుండ్రి. గింత ఎండల ఇదెందుకు?"
"గుట్టెక్కంగ సూది ఎర్రకు పోతది" అన్నడాయన.
"రేడియేటరు చిన్నది, దానికంతే ఇచ్చిండ్రు.
అప్పుడు హీటరు ఫుల్లు పెడత.
ఇంజను వేడి నా కాళ్ల మీదికొస్తది. సూది దిగుతది."
చెప్పుల నడుమ ఆయన పాదాలు చూసిన.
గిలకల కాడ తోలు రంగు మారి ఉన్నది.

ట్రయల్‌కు పోయినం, చెర్వుగట్టు దాక.
ఎక్కుడు మొదలైంది. సూది లేచింది.
ఆయన బుడిపె తిప్పిండు.
ఇటుక బట్టీ తలుపు తీసినట్టు
నా మోకాళ్ల మీద వడగాలి.
ఇద్దరం మాట్లాడలే.
ఇద్దరం సూదినే చూసుకుంట కూసున్నం,
పిల్ల జ్వరం చూసేటోళ్ల లెక్క.
ఒక వెంట్రుక దిగింది.
ఇంకో వెంట్రుక.

పైసలిచ్చి, అర సంచి బత్తాయిలు దించి పోయిండు.

పాత మోటరుకు
సైదులు డబ్బా మూత కత్తిరించి రెక్కలు పెట్టిండు,
బ్యాటరీకి తగిలిచ్చి చాయ్ ముంగట పెట్టిండు.
మేకపిల్ల అరుసుకుంట ఊదింది
మూడు దినాలు.
నాలుగోనాడు నేనే సంచిల ఏసుకపోయిన.
రమీజాబీ చెవి దగ్గర పట్టి, తిప్పి,
ఏం అనలే.
పదిహేను రూపాయలు చేతుల పెట్టింది.