రెండో చెయ్యి

లైన్ జడ్జికి నోటితో పనిలేదు.
ఒక ఎర్రజెండా, రెండు చేతులు.
బంతి లోపల పడితే జెండా కిందికి,
బయట పడితే పైకి.
బయటికి పోతూ పోతూ ఎవరి చేతినైనా రాసుకుపోతే
జెండా నిటారుగా నిలబెట్టి, దాని కొస మీద
రెండో అరచెయ్యి ఆనించాలి.
అంతే నా భాష. మూడు మాటలు.

షెఫీల్డ్‌లో జనవరి.
తెల్లారేసరికి ట్రామ్ స్టాపుల్లో ఉప్పు చల్లి ఉంది.
హాల్లో మాత్రం ఉక్క,
నొప్పుల మందు వాసన, నేలకి కొత్తగా అంటించిన టేపు వాసన.
ఎస్తోనియా, పోర్చుగల్.
గెలిచినవాళ్ళకి ఒలింపిక్స్ వైపు ఇంకో మెట్టు,
ఓడినవాళ్ళకి రేపు పొద్దున ఆరింటి విమానం.

వారమంతా నేను కళ్ళద్దాల షాపులో ఉంటాను,
ఇది బాగుందా, అది బాగుందా అని
అద్దాలు మార్చి మార్చి అడుగుతూ.
శని ఆదివారాలు ఈ మూల, ఈ తెల్లగీత.
గ్లెనిస్ అవతలి మూల.
పదకొండేళ్ళుగా ఎదురెదురుగా నిలబడుతున్నాం,
ఆట నడుస్తుండగా ఒక్కసారీ
ఒకరినొకరం చూసుకోలేదు.

ఐదో సెట్టు. పదహారు, పదహారు.
రూయి లేచాడు.
అంత పొడుగు మనిషి గాల్లో ఆగితే
ఇప్పట్లో దిగే ఉద్దేశం లేదేమో అనిపిస్తుంది.
నెట్టుకి ఇవతల ఉర్మాస్ చేతులు,
మూసుకుంటున్న తలుపు రెక్కల్లా.
దెబ్బ ముందు నా పక్కటెముకలకి తెలిసింది, తర్వాత చెవులకి.
బంతి గీత దాటి, నా బూటు దాటి,
ఏదో బీమా కంపెనీ బోర్డుకి కొట్టుకుంది.

బయట.
జెండా లేచింది. నేను ఎత్తలేదు,
చెయ్యే ఎత్తేసింది.

అప్పుడు చూశాను.
బంతి వెళ్ళిపోయాక కూడా
ఉర్మాస్ ఎడమ చిటికెనవేలు ఊగుతోంది,
పిట్ట లేచిపోయిన రెమ్మలాగ.

రెండో చెయ్యి తొడ దగ్గరే ఉంది.
ఎత్తొచ్చు. ఇంకా ఎత్తొచ్చు.
అర సెకను. ముప్పావు.
కిందికి దిగుతున్న మనిషిలో అన్నీ ఊగుతాయి కదా,
చొక్కా, జుట్టు, బుగ్గలు,
వేలొక్కటే ఊగకూడదా ఏం

విజిల్ పడింది.

పోర్చుగల్ కోచ్ వీడియో కావాలని
గాల్లో చతురస్రం గియ్యబోయి సగంలో ఆపేశాడు.
రెండు చాలెంజ్‌లూ అయిపోయాయి,
ఒకటి మూడో సెట్లో, ఉత్తి కోపం మీద.
రూయి తన చిటికెనవేలు పట్టుకుని చూపించాడు,
రిఫరీకి కాదు, నాకు.
నేను గీత వంక చూశాను.

గోరంతని కొండంత చెయ్యకంటారు.
ఇది గోరంతే. అక్షరాలా గోరంత.
ఉర్మాస్ నెట్టు దగ్గర వంగి
షూ లేసు కట్టుకున్నాడు,
కట్టి ఉన్నదాన్నే విప్పి.

తర్వాతి బంతికి అయిపోయింది.

పోర్చుగల్ కుర్రాళ్ళు తలల మీద తువ్వాళ్ళేసుకుని వెళ్ళిపోయారు.
గ్లెనిస్ ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చింది, ఏమీ అనలేదు.
ఆవిడ మూల నుంచి అది కనబడదు.
సామాన్ల లిఫ్టు పక్కన ఉర్మాస్ ఒక్కడే.
కాగితం కప్పు నిండా ఐసు, అందులో వేలు.
నాకు ఎస్తోనియన్ రాదు.
అతనికి ఇంగ్లీషు వచ్చేమో, నోరు మాత్రం తెరవలేదు.
వేలు బయటికి తీశాడు. వంకాయ రంగు.
నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి.
నా ముఖం ముందు దాన్ని నిటారుగా నిలబెట్టి
దాని కొస మీద
రెండో అరచెయ్యి ఆనించాడు.

నాకూ చేతులు రెండున్నాయి.
ఒకదాన్లో టీ ఉంది.

సోమవారం పదింటికి
మిసెస్ హాటర్స్‌లీ గడ్డం స్టాండు మీద పెట్టుకుని కూర్చుంది.
ఇది బాగుందా, అది బాగుందా?
ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు.
మళ్ళీ చూపించు నాయనా, అంది.
తొందరేముంది.