రెండో గడి

గురువారం. గ్లాస్గోలో వాన
కురవదు, నిలబడి ఉంటుంది, మాలాగే,
సంతకాల ఆఫీసుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల.
ఒక మడత బల్ల. ఒక ఫ్లాస్కు.
ప్లాస్టిక్ సంచిలో తల దూర్చుకున్న నోటుబుక్కు.

పేజీకి రెండు గడులు గీసింది ఇష్బెల్,
ముప్ఫయ్యేళ్ళు సిటీబస్సు నడిపిన చేత్తో, స్కేలు లేకుండా:
లోపలికి ఎన్నింటికి.
బయటికి ఎన్నింటికి.

అడగాల్సినవి నేను అడుగుతాను.
వకీలు నంబరు? వేసుకునే మాత్రలు?
మూడింటికి బడి నుంచి పిల్లని ఎవరు తీసుకురావాలి?
రెబ్వార్ నవ్వుతాడు: పిల్ల లేదు, కుండీలో పుదీనా ఉంది.
రాసుకుంటాను. పుదీనా. రోజు విడిచి రోజు నీళ్ళు.
తాళంచెవి నా కోటు జేబులో పడేసి
రోడ్డు దాటుతాడు, అటూ ఇటూ చూసి మరీ,
ఆ గుమ్మం కన్నా బస్సులే ప్రమాదమన్నట్టు.

ఇదే రోడ్డు నేనూ దాటేదాన్ని, నాలుగేళ్ళు.
అప్పుడు ఇవతల ఎవరూ లేరు.
తలుపు మూసుకున్నాక
నేనొకదాన్ని ఉన్నానని తెలిసింది
లోపలి కంప్యూటరుకి ఒక్కదానికే.

పదీ ఇరవై: లోపలికి.
పదకొండుకి సెలమావిత్ వచ్చేసింది.
కాంగో ముసలాయన వచ్చేశాడు,
టీలో మూడు చెంచాల చక్కెర వెయ్యమన్నాడు.
పదకొండున్నర. రెబ్వార్ గడి తెల్లగానే ఉంది.
కళ్ళు కాయలు కాసేంత తీరిక లేదు మాకు,
ఇష్బెల్ అప్పటికే ఫోనులో ఉంది.

వకీలు గుమాస్తా. మసీదు వంటింట్లో ఫహీమా.
చర్చిలో ఆర్గన్ వాయించే ఆయన
పాట మధ్యలో వదిలేసి వచ్చాడట,
వేళ్ళు ఇంకా కదులుతున్నాయి.
వెనక గేటు దగ్గర వ్యాను గురగురలాడుతోంది.
దాని ముందు, కూరల ట్రాలీ పక్కన పెట్టుకుని
నేలమీద కూర్చుంది డెబ్బయ్యేళ్ళ యూనా.
"మోకాలు పట్టేసింది బాబూ, లేవలేను" అంది పోలీసుతో.
అది అబద్ధం కాదు. పూర్తిగా నిజమూ కాదు.

గెలిచామని రాయను.
నాలుగు గంటల తర్వాత ఆమెని ఎత్తి పక్కన పెట్టారు,
ట్రాలీని కూడా, జాగ్రత్తగా, గుడ్లున్నాయని.
వ్యాను వెళ్ళిపోయింది.
ఆ నాలుగు గంటల్లో వకీలు ఒక కాగితం పుట్టించాడు,
కాగితం విమానం కన్నా ముందు చేరింది. అంతే.

పంతొమ్మిది రోజులు పుదీనాకి నీళ్ళు పోశాను.
రోజు విడిచి రోజన్నాడా, ఆగలేక రోజూ పోశాను.
వేరు కుళ్ళి సగం పోయింది.

ఇరవయ్యోనాడు బల్ల దగ్గరికి వచ్చి
తాళంచెవి కన్నా ముందు నోటుబుక్కు అడిగాడు.
తడికి ఉబ్బిన ఆ పేజీ వెతుక్కుని
రెండో గడిలో, వంకర అంకెలతో, తనే రాసుకున్నాడు:
నాలుగూ పది.
తారీఖు వెయ్యలేదు,
ఆ సాయంత్రమే బయటికి వచ్చినట్టు.

వచ్చే గురువారం మళ్ళీ సంతకం.
ఇష్బెల్ కొత్త పేజీకి గీతలు గీస్తోంది.