రసీదు

రికార్డుల గదిలో నాది కిటికీ లేని బల్ల.
వెనక ఇనుప బీరువా.
దాని తాళంచెవి నా మెళ్ళో, ఐడీ కార్డు తాడుకే వేలాడుతుంది.
లోపల నూట పద్నాలుగు పట్టాలు.
అందరూ పాసైనవాళ్ళే.
ఫీజు బాకీ తీరేదాకా ఇవ్వకూడదని రూలు.
రూలు రాసింది నేను కాదు,
చెవి తిప్పేది మాత్రం నేనే.

ఈస్టర్న్ కేప్ కొండల్లో జనవరి ఉరుముల వానకి
బీరువా చెమ్మగిలుతుంది.
అప్పుడు ఒక్కో పట్టా తీసి బల్ల మీద ఆరబెడతాను,
బంగారు ముద్ర చెదరకుండా, వేలికొసలతో.
పేర్లు పైకి చదువుతాను.
వేదిక మీద పిలవని పేర్లు కదా,
ఒక్కసారైనా ఎవరో ఒకరు పిలవాలి.

లుబబాలో మ్జామో. సివిల్ ఇంజనీరింగు, నీటి సరఫరా.
బాకీ నలభై ఒక్క వేల రాండ్లు.
వాళ్ళ నాన్న పోలీసు సార్జెంటు, అమ్మ ఆసుపత్రిలో నర్సు.
రెండు జీతాలు, తొమ్మిది కంచాలు.
సర్కారు సాయానికి ఒక గీత గీశారు.
ఆ ఇల్లు గీతకి బెత్తెడు పైన తేలింది.
బ్యాంకు గీసుకున్న గీతకి మాత్రం
నిలువెత్తు లోతున ఉంది.

గేటు బయట నోంబులేలో మాగ్విన్యా వేయిస్తుంది.
పొద్దున ఆరింటికే నూనె మరిగే చప్పుడు.
ఆమె మనవల్లో ఒక్కరూ పదో తరగతి దాటలేదు.
ఒకసారి చిల్లర ఇస్తూ అంది:
"సబ్బు మీద పన్ను కడుతున్నా, కొవ్వొత్తి మీద కడుతున్నా,
ఫోను రీచార్జి మీదా కడుతున్నా.
పోలీసు కొడుకు చదువు కూడా
నా సబ్బులోంచే తియ్యాలంటావా?"
నాకు జవాబు తోచలేదు.
మాగ్విన్యా వేడిగా ఉంది. తిన్నాను.

ఆ నెల్లోనే ఊళ్ళో కుళాయిలు ఎండిపోయాయి.
పైన వాన, కింద తొమ్మిది రోజులుగా చుక్క లేదు.
ట్యాంకరు దగ్గర బకెట్ల వరసలో నోంబులేలో నా ముందు.
పైపు పట్టుకుని నింపుతున్న రోజుకూలీ కుర్రాడు
ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు:
"కొండ మీద తొట్టి దగ్గర వాల్వు పోయింది.
రెండు రోజుల పని. మున్సిపాలిటీలో చెప్పాను,
నువ్వెవరన్నారు."
"నీకెలా తెలుసు?" నోంబులేలో అడిగింది.
"చదివాను."
"మరి కాగితం?"
లుబబాలో నా ముఖం వైపు చూడలేదు.
నా మెడ వైపు చూశాడు.
ఆమె కూడా చూసింది.

బేరగత్తె కదా, వెంటనే లెక్కలోకి దిగింది.
"బాకీ ఊరంతటికీ పంచితే తలకెంత?"
అరవై వేల జనం. గుణించి, భాగించి చెప్పాను:
డెబ్బై సెంట్ల లోపే.
"మాగ్విన్యాలో సగం కూడా కాదే!
మరి బీరువాలో ఉన్నవాళ్ళందరివీ?"
అప్పుడు లెక్క బాగానే పెరిగింది.
ఆమె కనుబొమలూ పెరిగాయి.
"వాళ్ళందరూ నీళ్ళు తెస్తారా?"
అబద్ధం చెప్పలేకపోయాను.
ఒకమ్మాయి చదివింది సంగీతం.
ఒకడు చరిత్ర, అదీ మూడో తరగతి మార్కులతో.
నోంబులేలో బకెట్టు ముందుకి తోసుకుంది.
మారు మాట లేదు.

మర్నాడు పొద్దున, నూనె మరక పడిన కాగితం పొట్లం
నా బల్ల మీద పెట్టింది.
యాభై సెంట్ల బిళ్ళ ఒకటి, ఇరవైది ఒకటి.
"ఇది నీళ్ళ కుర్రాడికి నా వంతు.
తక్కినవాళ్ళ సంగతి సర్కారుని అడుగు,
నా సబ్బు సొమ్మంతా వాళ్ళ దగ్గరే ఉందిగా.
రసీదు ఇవ్వు."

రసీదు పుస్తకం తెరిచాను.
విద్యార్థి సంఖ్య అని ఒక గడి ఉంది.
తండ్రి లేదా సంరక్షకుడు అని ఇంకొకటి.
ఆమె పొయ్యి ఆర్పకుండా వచ్చింది, తొందరపెడుతోంది.
ఏ గడిలో రాయను?