నోట నీళ్లు

పోయినేడు బరంపురంలో
అవతలివాళ్లకి ఇరవైనాలుగు, మాకు ఇరవైమూడు ఉండగా
బంతి వాళ్ల ముగ్గురి మధ్య దిగింది.
పడినట్టు కూడా లేదు,
ఎవరో తెచ్చి పెట్టి వెళ్లినట్టు ఉంది.

తవిటమ్మ "నాది" అంది.
ఇతిశ్రీ "మోరొ" అంది.
సులమి తన సవర మాటలో
ముక్కులోంచి మొదలయ్యే చిన్నదేదో అంది.
ముగ్గురూ అన్నారు కాబట్టి ముగ్గురూ ఆగారు.
వల దగ్గర నేను
రాని బంతికి చేతులెత్తి నిలబడ్డాను.
తిరుగు బస్సులో చాలాసేపు
ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

ఇప్పుడు ఆషాఢం.
పర్లాకిమిడి ఆడపిల్లల కాలేజీ వెనక కోర్టులో
నిన్నటి వాన ఇంకా కదల్లేదు.
చీపుళ్లతో తోస్తాం, గోనెలతో అద్దుతాం,
సున్నం డబ్బాతో గీత గీస్తాం.
గీత ఆరేలోపు మహేంద్రగిరి వైపు నల్లబడుతుంది.
వల చిరిగిన చోట
తవిటమ్మ మేనమామ సోంపేట నుంచి పంపిన
చేపల వల దారం, నీలం మీద ఎర్ర ముడులు.

మా నాన్న కొమ్ముతో దువ్వెనలు చేస్తాడు, కొంగల్ని చేస్తాడు.
ఆయన బొటనవేలి గోరు ఆకురాయికి ఎప్పుడో అరిగిపోయింది.
రాత్రిపూట నా వేళ్ల ప్లాస్టర్ ఊడదీసి
దీపం దగ్గరగా పట్టి చూస్తాడు,
కొమ్ములో పగులు వెతికే చూపుతో.
ఏమీ అనడు.

కుంతలా మేడమ్ మొదట "మైన్" అనమంది.
వారం రోజులు అన్నాం.
అది ఎవరి బంతీ కాలేదు.

సోమవారం బిందెతో వచ్చింది.
"పుక్కిట నీళ్లు పట్టండి.
మింగితే కోర్టు చుట్టూ పది. ఉమ్మితే ఇరవై."

మొదటిరోజు అందరం పరిగెత్తాం.
తవిటమ్మకి నవ్వాగక
నా వీపంతా తడిపేసింది.
రెండోరోజు దవడలు నొప్పులు.
మూడోరోజు, ఏమిటో, వినపడటం మొదలైంది.
ఇతిశ్రీ ఎడమ మోకాలు
ముందుకొచ్చేటప్పుడు ఒక్కసారి టక్కుమంటుంది.
తవిటమ్మ ఎగిరేముందు ముక్కుతో ఊపిరి కోస్తుంది.
సులమికి చప్పుడు లేదు.
ఆమె ఉన్నచోట
మిగతా చప్పుళ్లు కాస్త పక్కకి జరుగుతాయి.

సాయంత్రం గోడమీద, మరమరాలు పంచుకుంటూ,
నీళ్లు లేని నోళ్లతో:
"నా ముందు ఇద్దరు పోనారు.
నేనైనా దక్కాలని
చేటడు తవుడికి అమ్మీసి మళ్లీ కొన్నారట" తవిటమ్మ.
"ఇతిశ్రీ అంటే సమాప్తం.
నాలుగో ఆడపిల్లని. ఇంక చాలని పెట్టారు."
కొంచెం నమిలి,
"తరవాత ఇంకో చెల్లి పుట్టింది."
సులమి కాగితం పొట్లం మడతపెడుతూ,
"నాది బైబిల్ పేరు. సెరంగోలో పాస్టరమ్మ పెట్టింది.
అర్థం అడగలేదు."

తొమ్మిదోరోజు బిందె రాలేదు.
"ఇవాళ అరవండి" అంది మేడమ్.
ఎవరికీ నోరు పెగల్లేదు.
అవతల జూనియర్లు కొట్టిన బంతి
అదే ఖాళీకి, పోయినేటి ఖాళీకి,
దారి తెలిసినట్టు వచ్చింది.

"మోరొ!" అంది తవిటమ్మ.
"నాది!" అంది ఇతిశ్రీ.
ఒకరి మాట ఒకరు ఎప్పుడు ఎత్తుకెళ్లారో.
ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని
ఉన్నచోటే ఆగి ఫక్కుమన్నారు.
ఈలోగా ఆ నవ్వు కిందనుంచి
సులమి చేతుల మీదుగా బంతి లేచింది,
సున్నంనీళ్లు చిమ్ముకుంటూ
సూటిగా నా వేళ్లలోకి.

ఈల.
"తవిటమ్మా, ఇతిశ్రీ, ఇరవై."
"బంతి లేచింది కదా మేడమ్!"
"లేచింది.
బరంపురానికి ఇంకా పందొమ్మిది రోజులుంది."

వాళ్లు మొదలెట్టారు.
మూడో చుట్టులో సులమి కలిసింది, ఎవరూ చెప్పకుండానే.
నేనూ దిగాను.
మలుపు దగ్గర ఆ మోకాలు టక్కుమంది, ముక్కు ఊపిరి కోసింది.
ఎడమ మూలనుంచి మా గీత
మెల్లగా పాలై పారుతోంది.