తువ్వాలు కింద

మా నాన్న ఎడ్ల బేరగాడు.
కరవది నుంచి కనిగిరి దాకా సంతల్లో
నోరు విప్పకుండా బతికినవాడు.
"పశువైతే చెవి చూడు, మనిషైతే మడమ చూడు,
మాటెప్పుడూ వెనకొచ్చేదేనే" అనేవాడు నాతో.

ఆ క్రిస్మస్‌కి, మూడేళ్ళ తర్వాత,
జక్రయ్య బాబాయి మా ఇంటికొచ్చాడు.
చెప్పులు గేటువైపు తిప్పి విడిచాడు.
కుర్చీ అంచున కూర్చున్నాడు, బస్సు కోసం కూర్చున్నట్టు.
"బాగుండావా పాపా" అని నన్నడిగాడు,
కళ్ళు మాత్రం వసారాలో నక్షత్రం లైటు మీద.

పలావు వడ్డించే అమ్మ గరిటె ఒక్క క్షణం ఆగింది:
ముక్క ముందు ఎవరికి?
సువార్తమ్మ పిన్ని మోకాలు బాబాయి మోకాలిని తట్టింది.
పాస్టరుగారు గొంతు సవరించుకుని
మంచినీళ్ళు తాగి ఊరుకున్నారు.
గట్టు తగాదా ఊసు ఎవరూ ఎత్తలేదు;
అందరి భుజాలూ దాన్నే మోస్తున్నాయి.

నేను నాన్న చెవిని చూశాను.
ఎర్రగా ఉంది.
కోపం కాదు, సంతలో చూశాను ఆ రంగు,
బేరం తెగే ముందు.

చేతులు కడుక్కునే చోట
బాబాయికి తువ్వాలు అందించాడు.
అందించి, వదల్లేదు.
గుడ్డ కింద ఏదో కదిలింది. ఒక వేలు.
ఆగి, రెండు.
బాబాయి తల అడ్డంగా ఊపాడు.
మళ్ళీ కదిలింది.
ఈసారి బాబాయి గడ్డం వణికింది.

ఎంతకు తెగిందో నాకిప్పటికీ తెలీదు.
తువ్వాలు కింద మాట బయట పెట్టకూడదంటాడు నాన్న.

చీకటి పడేదాకా ఆ చెప్పులు
గేటువైపే చూస్తూ ఉన్నాయి.
కాళ్ళు మాత్రం మా నులకమంచం మీద
బాసీపట్టేసుకుని కూర్చున్నాయి.