మైనం మీద గాటు

ఆటుకు పడవలన్నీ బురదలో కూలబడే
ఫండీ అఖాతం ఒడ్డున
ఒనేసిమ్ దెవో ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు.
పడవల అడుగులకు తారు పూశాడు నలభై ఏళ్లు.
చలికాలం, వేటగాళ్లకు కొయ్యబాతులు చెక్కాడు.
"పైనెగిరే బాతు నమ్మి దిగిందా,
పరీక్ష పాసైనట్టే" అనేవాడు.
అరిగిన ఆకురాయి నుంచి సానబట్టిన కత్తి ఒకటి,
పాత ట్రక్కు కమాను ముక్క ఒకటి,
ఆయన ఉలులు అవే.

హెర్రింగ్ చేపల ఫ్యాక్టరీ మూతపడ్డాక
రేవులో కంచుబొమ్మ పెడదామన్నారు ఊరివాళ్లు.
కెప్టెన్ని చెక్కమన్నారు.
ఆయన వదినను చెక్కాడు.
ఓజీత్. రబ్బరు ఏప్రాన్, తలకు జాలీగుడ్డ,
ఎడమచేతికి మూడే వేళ్లు.
మిగతా రెండూ యాభై తొమ్మిదిలో డబ్బాల మిషను తీసుకుంది.
"ఐదూ ఉంటే నిండుగా ఉంటుందేమో"
కమిటీలో ఎవరో నసిగారు.
"ఆవిడనే అడగండి."
ఆ తలుపు తట్టే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది.

పోత షెడ్డులో నేను మైనం మనిషిని.
చెక్క మీద రబ్బరు అచ్చు తీసి, అచ్చులో మైనం నింపి,
అతుకులూ బుడగలూ గాట్లూ
వేడి గరిటెతో చదును చేయడం నా ఉద్యోగం.
కంచు రాకముందే మైనం కరిగి కారిపోతుంది,
దాంతో పాటు నా పనీ.
బాగా చేశానంటే
చేసినట్టు ఎవరికీ తెలియలేదని.

మోచేతి కింద ఒక గాటు కనబడింది.
కత్తి జారి ఉంటుందనుకున్నాను.
చెరిపేశాను. మేలు చేసినట్టే అనిపించింది కూడా.

శుక్రవారం టోపీ చేత్తో పట్టుకుని బస్సు దిగాడాయన.
కళ్లు మూసుకుని
బియ్యంలో రాయి వెతికినట్టు
భుజం నుంచి బొటనవేలు జార్చాడు.
మోచేతి దగ్గర ఆగాడు. పైకెళ్లి, మళ్లీ దిగాడు.
"ఇక్కడొకటి ఉండాలే."

నా చెవులు వేడెక్కాయి.
తప్పు పడిందనుకున్నా, అన్నాను.
"తప్పే మరి.
అప్పుడే తలుపు తోసుకొచ్చి అరిచింది,
నా మోచెయ్యి ఇంత లావా అని."
జేబులోంచి ఆకురాయి కత్తి తీశాడు,
పొగాకు పొడి ఊదాడు,
ఒక్క గీత.
తర్వాత ఫోటోతో పోల్చి చూశాను,
వెంట్రుకవాసి ఎడమకు పడింది.
ఆయనకు చెప్పలేదు.

ఇప్పుడు పిల్లలు ఆ లేని వేళ్ల చోట
తమ వేళ్లు పెట్టి ఫోటోలు దిగుతారు.
చెక్కబొమ్మ ఓజీత్ వంటింట్లోనే ఉందట,
చాచిన చేతి మీద తువ్వాళ్లు ఆరేస్తుందట.

జనవరిలో ఒకసారి నేనూ వెళ్తాను.
మోచేతి కింద, ఎవరూ వంగి చూడని చోట,
పొగమంచు సన్నగా గడ్డకట్టి ఉంటుంది గాటులో.
చేతొడుగు తీసి బొటనవేలు ఆనిస్తాను.
కరిగేదాకా ఉంటాను.