తొంభై ఆరు పలకలు

అడ్డం పన్నెండు, నిలువు ఎనిమిది.
తొంభై ఆరు ఎల్ఈడీ పలకలు
మార్కాపురం కాలేజీ మైదానంలో
లారీలోంచి దిగుతున్నాయి.
ఈ ఊళ్ళో పలక అనే మాటకి
ఇంకో అర్థం చెప్పాల్సి రావడం
కొంచెం నవ్వొచ్చే సంగతే.

టూరులో ఇది నాలుగో ఊరు.
కావలిలో కాశింబీ సన్నాయి వెనక
సముద్రం పెట్టాను.
కందుకూరులో నిప్పురవ్వలు.
ఒంగోలులో, సిగ్గు లేకుండా, ఏకంగా పాలపుంత.
జనం ఫోన్లెత్తి పాలపుంతనే పట్టుకెళ్ళారు.

కచేరీ అయ్యాక కాశింబీ
సన్నాయి గుడ్డతో తుడుచుకుంటూ
"బొమ్మలు బాగుండాయి పాపా" అంది.
"నేను ఊపిరి తీసుకునేప్పుడు మాత్రం
అవి తీసుకోవు."

ఆ రాత్రి వ్యానులో
ల్యాప్‌టాప్ ఒళ్ళోంచి దిగలేదు.
ఒక్కో బొమ్మా చెరిపేస్తూ పోయాను.
చీమకుర్తి దగ్గర సముద్రం పోయింది.
పొదిలి దాటాక రవ్వలు పోయాయి.
పాలపుంతకి చెయ్యి రాలేదు,
మూడు వారాల రెండరింగ్ అది,
ఆ నెల కరెంటు బిల్లు ఇంకా కట్టలేదు.
కొనకనమిట్లలో టీ తాగి
దాన్నీ తీసేశాను.

మిగిలింది నలుపు.

మా అమ్మ పందొమ్మిదేళ్ళు
పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించింది.
మధ్యాన్నం టిఫిన్ డబ్బాతో వచ్చి
ఎవర్నీ అడక్కుండా స్టేజీ ఎక్కి
కింది వరసని వేలి కణుపుతో
ఒక్కోటే కొట్టి చూసింది.
మంచి రాయి ఖంగుమంటుంది.
పుచ్చుదైతే టొప్పుమంటుంది.
"అన్నీ టొప్పే" అని పెదవి విరిచింది.
సుభానీ మొహం మాడిపోయింది,
ఒక్కోదానికీ పూచీ అతనిదే మరి.

ఇంట్లో మిగిలిన పాత పలక తెప్పించి
అమ్మ చేత బలపంతో ఒక గీత గీయించాను,
కాశింబీ రికార్డింగు వినిపిస్తూ,
పైనుంచి ఫోనుతో తీస్తూ.
"ఆమె ఆగినప్పుడు ఆగు, అంతే."
ఆగింది. మళ్ళీ మొదలెట్టింది.
ఒకచోట మురిసిపోయి ఆగడం మరిచింది.
ఉమ్ముతో తుడవబోతే
చెయ్యి పట్టుకున్నాను.

ఏడున్నరకి దీపాలన్నీ ఆర్పాం.
"కరెంటు పోయిందిరోయ్" అని
వెనకెవరో ఈల వేశారు.
సన్నాయి లేచింది.
ఎడమ అంచున ఒక తెల్లటి గీత
కాస్త వణుకుతూ బయల్దేరింది.

స్పేస్ బార్ మీద నా వేలు.
కాశింబీ ఊపిరి తీసుకున్నచోట
గీత ఆగింది.
ఫోన్లు దిగాయని అనను, చాలావరకు దిగలేదు.
ముందు వరసలో ఒక పిల్లాడు మాత్రం
బుగ్గలు పూరించి
గీత మళ్ళీ కదిలేదాకా
అలాగే పట్టుకుని కూచున్నాడు.

అమ్మ మరిచినచోట నేను వేలు నొక్కలేదు.
కాశింబీ ఆగినా
గీత ఒక్కతే కొంతదూరం నడిచింది.

చీకట్లో అమ్మ నా భుజం గిల్లి
"పైనించి మూడో వరస,
అయిదోది పుచ్చు" అంది.
నలుపు మీద నలుపు, నాకు కనపడలేదు.
గీత అక్కడికి వచ్చి
జానెడు మేర మాయమై
అవతల తేలింది.

సుభానీ స్క్రూడ్రైవర్ కోసం తడుముకుంటున్నాడు.
రేపు గిద్దలూరు.